తేల్చుకోని ఓటరు వైభోగం

ఓటు ఎవరికి వెయ్యాలో ముందే తేల్చేసుకున్న మనిషంత దౌర్భాగ్యుడు ఈ భూమ్మీద ఇంకొకడు ఉండడు!

నా మాట నమ్మరా? అయితే మా వీధి మలుపులో ఉన్న అప్పలసూరిగారిని చూడండి. నగర్ నిగమ్, అంటే మన మునిసిపల్ కార్పొరేషన్, ఎన్నికలని తెలిసిన మర్నాడే ఆయన డాబా మీద ఒక పార్టీ జెండా కట్టేశారు. భిలాయి స్టీలు ప్లాంటులో క్రేను నడిపిన మనిషి కదా, ఎత్తులంటే భయం లేదు. అంతే, ఆయన కథ ముగిసింది. ఆ పార్టీవాళ్ళు ‘ఈయన మనవాడేలే’ అని రాలేదు. మిగతా పార్టీలవాళ్ళు ‘ఈయన మనవాడు కాడులే’ అని రాలేదు. ప్రచారం సాగినన్నాళ్ళూ ఆయన వరండాలో కుర్చీ వేసుకుని, వచ్చేపోయే జీపులకేసి ఆశగా చూస్తూ గడిపారు. ఒక్కడైనా దిగి ‘బాగున్నారా’ అంటే ఒట్టు!

మరి నేనో? నేను తేల్చుకోలేదు. నలుగురికీ తెలిసేలా తేల్చుకోలేదు. “ఇంకా ఆలోచిస్తున్నాను బాబూ” అని గేటు దగ్గర ఒక్క మాట అన్నాను, అంతే. ఆ రోజు నుంచి నా కాళ్ళకి ఎన్ని దండాలు పడ్డాయంటే, మోకాళ్ళకి రాసుకున్న నూనెంతా వాళ్ళ చేతులకే పోయింది!

మా వార్డు అభ్యర్థి లక్ష్మీప్రసాద్‌నే ఉదాహరణగా తీసుకోండి. భిలాయిలోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. అంటే తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం సగం హిందీ. ఇంతకుముందు సుపేలా బజారులో ఎదురుపడితే నన్ను తప్పించుకుని కూరల బండి అవతల నుంచి పోయేవాడు. ఇప్పుడో, రోజు విడిచి రోజు ఇంటికొచ్చి, నా బీపీ మాత్రల అట్ట తిరగేసి, “మాతాజీ, నిన్నటిది వేసుకోలేదు. ఐసా నహీ చలేగా!” అని కోప్పడేవాడు. కన్నపిల్లలు పెడతారా అలాంటి చీవాట్లు?

ఒకరోజు గోడమీది ఫోటో ముందు నిలబడి, “అంకుల్జీ నాకు తండ్రి లాంటివారు” అని కళ్ళు ఒత్తుకున్నాడు. అది మా ఆయన రిటైరైనప్పుడు ఆయనకి శాలువా కప్పుతున్న ఫోటో. లక్ష్మీప్రసాద్ ఏడ్చింది మాత్రం శాలువా కప్పుతున్న ఆఫీసరుగారిని చూసి. ఆ ఆఫీసరుగారు హైదరాబాదులో నిక్షేపంలా ఉన్నారు! నేను చెప్పలేదు. అంత చక్కగా ఏడుస్తున్నవాణ్ణి మధ్యలో ఆపడం మర్యాదా?

ఇదంతా ఎవరికి దక్కుతుంది? తేల్చుకోనివాళ్ళకి! కాబట్టి నా సలహా ఒక్కటే. తేల్చుకోకండి. తేలిపోయినా బయటపడకండి.

ఈ సలహా ఊరికే ఇవ్వడం లేదు. నాకు ఒక పని కావాలి. చాలా చిన్న పని. మా వీధి నాలా మీద ఒక సిమెంటు స్లాబు పడాలి.

మా వీధి మధ్యలో పెద్ద మురుగుకాలువ పోతుంది. ఇక్కడందరం నాలా అంటాం. ఇటు మా ఇల్లు, అటు గున్నమ్మ ఇల్లు, మధ్యన నాలా మీద ఒక స్లాబు. ఇసక దింపడానికొచ్చిన ట్రాలీ ఒకటి దాని మీదెక్కి, దాన్ని రెండు ముక్కలు చేసి, తను మాత్రం క్షేమంగా వెళ్ళిపోయింది. పడుచువాళ్ళు ఒక్క గెంతు గెంతి దాటేస్తున్నారు. నేనూ గున్నమ్మా గెంతే వయసు దాటి చాలాకాలమైంది. చుట్టూ తిరిగి వెళ్ళాలంటే సుపేలా మెయిన్ రోడ్డు దాకా నడవాలి.

గున్నమ్మ ఎవరో చెప్పకపోతే ఆ స్లాబు విలువ మీకు తెలియదు. ఆమెది శ్రీకాకుళం వైపు, మాది విజయనగరం. ప్లాంటువాళ్ళ సెక్టారు క్వార్టర్లలో పక్కపక్క వాటాలు. ఆమె భర్త నరసింగరావుగారూ మా ఆయనా రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో ఒకే షిఫ్టు. మా సెక్టారులో రిటైర్మెంటంటే ఒక శాలువా, ఒక దండ, ఒక గోడగడియారం, మర్నాడు గుమ్మం ముందు ఒక లారీ. హైమవతి వైజాగు వెళ్ళిపోయింది. ఇందుమతి కూతురి దగ్గరకి పుణే వెళ్ళిపోయింది. నీలిమ వాళ్ళు ఎక్కడికి వెళ్తున్నారో చెప్పారు గాని, లారీ చప్పుడులో నాకు వినిపించలేదు. మళ్ళీ అడగడానికి మొహమాటపడ్డాను. మా మగవాళ్ళు చేసిన పట్టాల మీదే అందరూ వెళ్ళిపోయారు. ఎంత గట్టి పట్టాలండీ! ఒక్కటీ విరగలేదు!

మిగిలింది మేమిద్దరం. అందుకే క్వార్టర్లు ఖాళీ చేసేటప్పుడు ఎదురెదురుగా స్థలాలు కొనిపించి ఇళ్ళు కట్టించుకున్నాం. మగవాళ్ళిద్దరూ పైకి వెళ్ళిపోయారు, అది మన చేతిలో లేనిది. సాయంత్రం కాగానే గున్నమ్మ స్లాబు దాటి వచ్చేది. ఆమెకి చదువు రాదు. నాకూ ఎవరూ నేర్పింది కాదు, కూడబలుక్కుని నేర్చుకున్నదే. వారపత్రికలో సీరియల్ నేను చదవాలి, ఆమె వినాలి, మధ్యలో విలన్ని తిట్టాలి. అదీ మా ఏర్పాటు.

స్లాబు విరిగాక ఆ చదువు ఎలా సాగిందో ఊహించండి! నేను ఇటు గట్టున కుర్చీ వేసుకుని అరవాలి, ఆమె అటు గట్టున చెవి ఒగ్గి వినాలి. “ఆమె అతని చెవిలో గుసగుసగా అంది” అని నేను గొంతు చించుకుని అరిస్తే, వీధి చివర ఇస్త్రీబండివాడు కూడా ఇస్త్రీ ఆపి, “ఏం అంది అమ్మా?” అని అడిగేవాడు!

మీరు అడగొచ్చు, ‘మరి స్లాబు గురించి ఎవరికీ చెప్పలేదా’ అని. మొదట చెప్పలేదు. ఎందుకంటే మాది క్వార్టరు బుద్ధి. ముప్ఫై ఏళ్ళు క్వార్టర్లలో ఉన్నవాళ్ళం. అక్కడ కుళాయి కారితే మెయింటెనెన్సు మనిషి వస్తాడు. కిటికీ రెక్క ఊడితే మెయింటెనెన్సు మనిషి వస్తాడు. ఈ వీధి నిండా అలాంటి రిటైరైన కుటుంబాలే. అందరం ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి, మెయింటెనెన్సు వాళ్ళు వస్తారని ఒక ఎండాకాలమంతా, ఒక వానాకాలమంతా ఎదురుచూశాం. మనం క్వార్టర్లలో లేమన్న సంగతి దీపావళి దాకా ఒక్కరికీ తట్టలేదు!

అది తట్టేసరికి ఇంకో మేలు జరిగింది. వార్డుల హద్దులు మార్చారు. కొత్త గీత సరిగ్గా మా నాలా మధ్యలోంచి పోయింది. ఇటు ఇళ్ళన్నీ ఒక వార్డు, అటు ఇళ్ళన్నీ ఇంకో వార్డు. నాలా మాత్రం ఏ వార్డులోనూ లేదు. అంతటి స్వాతంత్య్రం మన దేశంలో ఇంకే నాలాకి దక్కింది చెప్పండి?

లక్ష్మీప్రసాద్ని అడిగాను.

“మాతాజీ, వో తో ఉధర్ వాలే వార్డ్ మే ఆతా హై. అవతలివాళ్ళది. నాది అయితే రాత్రికి రాత్రి వేయించేవాణ్ణి!” అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

అవతలి వార్డులో రాజశ్రీ నిలబడింది. ఆ స్థానం ఆడవాళ్ళకి రిజర్వు అయింది కదా, అందుకని పోస్టరు మీద ఆమె బొమ్మ తపాలా బిళ్ళంత, ఆమె మొగుడి బొమ్మ తలుపంత వేశారు. ఆ మొగుడూ పెళ్ళాలు గున్నమ్మ ఇంటికొచ్చినప్పుడు నేను ఇటు గట్టున ఉన్నాను. అంతా వినిపించింది.

గున్నమ్మ మొగుణ్ణి చూడనైనా చూడలేదు. “అమ్మాయ్, నువ్వు సెప్పు. ఓటడుగుతున్నది నువ్వా, ఈ బాబా? ఈ సిలాబు ఏత్తావా, ఎయ్యవా?” అంది.

రాజశ్రీ విరిగిన స్లాబు వైపు చూసింది. నోరు తెరిచింది. ఆమె మొగుడు, “అమ్మా, నాలా వాళ్ళ వార్డుది. వాళ్ళది!” అని నా వైపు వేలు చూపించాడు. రాజశ్రీ నోరు మూసుకుంది.

ఇటువైపు నిలబడిన మిగతా అభ్యర్థులూ, అటువైపు నిలబడిన మిగతా అభ్యర్థులూ అదే మాట చెప్పారు. రోడ్డుపక్క గోడల మీద ఒకణ్ణి ఒకడు దొంగ అని రాసుకున్నవాళ్ళందరూ ఈ ఒక్క విషయంలో ఎంత ఐకమత్యం చూపించారో! జాతీయ సమైక్యత కరువైందని బాధపడేవాళ్ళు వచ్చి మా నాలా చూసుకోవాలి.

ఇంతలో అప్పలసూరిగారికి జాలేసి నాలా మీద ఒక చెక్క వేశారు. గున్నమ్మ ఆ సాయంత్రమే దాని మీద అడుగేసింది. చెక్క జారింది. కాలు మడతపడింది. నాలాలో పడకుండా ఇస్త్రీబండివాడు పట్టుకున్నాడు గాని, సంగతి నాగపూర్ దాకా పోయింది. నాగపూర్లో గున్నమ్మ కొడుకు శశిధర్ ఉద్యోగం చేస్తున్నాడు. మంచివాడు. మంచివాళ్ళతోనే కదండీ చిక్కంతా! వచ్చి, చెక్క తీసి అవతల పారేసి, గట్టిగా చెప్పేశాడు.

“ఎలక్షన్ అయిపోనీ. ఈలోపు స్లాబు పడిందా, సరే. లేకపోతే ఆ వచ్చే ఆదివారం బండి తీసుకొస్తా. అమ్మని నాగపూర్ తీసుకెళ్ళిపోతా. బస్, ఫైనల్.”

అదీ సంగతి. ఆ ఆదివారం ఇంకో లారీ వస్తుంది. ఈసారి లారీ వెళ్ళిపోయాక ఎదురింటి వైపు చూస్తే తలుపులో కనిపించడానికి ఒక్క మనిషీ ఉండదు.

ఇప్పుడు అర్థమైందా, మేము ఎందుకు తేల్చుకోలేదో? నేను ఇటు, ఆమె అటు, ఇద్దరం పోలింగు రోజు దాకా ఆలోచిస్తూనే ఉందామని గట్టు మీద నిలబడి తీర్మానించుకున్నాం. ఎవరు ముందు స్లాబు వేస్తే వాళ్ళకే. ఆంధ్రావాళ్ళ ఆడవాళ్ళందరూ మా మాట వింటారని ఎవడో పుట్టించాడు, మేము కాదనలేదు. దాంతో మా వైభోగం రెట్టింపయింది. ఇటు నుంచి నాకు తులసి మొక్క వచ్చింది. అటు నుంచి గున్నమ్మకి చేతికర్ర వచ్చింది. ఇటు నుంచి నాకు కళ్ళ పరీక్ష చేయించారు. అటు నుంచి ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి కుర్చీతో సహా సభకి మోసుకెళ్ళారు. దేవుడికి కూడా ఏడాదికొక్కసారే ఊరేగింపు!

స్లాబు ఒక్కటే రాలేదు.

“ఏటొదినా, ఇంకెన్నాళ్ళు ఆలోసిద్దుం?” అని గున్నమ్మ అటు నుంచి కేకేసేది. “నాకు ఆలోసన అయిపోనాదే. ఆడూ ఎయ్యడు, ఈడూ ఎయ్యడు.”

“గట్టిగా అరవకు. వాళ్ళు వింటే రేపటి నుంచి రారు” అని నేను ఇటు నుంచి అరిచేదాన్ని.

పోలింగు రోజు వచ్చింది. ఇక్కడ మీకో రహస్యం చెప్తాను. మా రెండు వార్డుల బూతులూ ఒకే స్కూల్లో, పక్కపక్క గదుల్లో పెట్టారు. లక్ష్మీప్రసాద్ పంపిన ఆటో ఇటు నుంచి నన్ను ఎక్కించుకుంది. రాజశ్రీవాళ్ళు పంపిన ఆటో అటు నుంచి గున్నమ్మని ఎక్కించుకుంది. రెండూ రెండు దారుల్లో, సుపేలా మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగి, ఒకే గేటు ముందు ఆగాయి. అంతకుముందు ఒకసారి నేను సొంతంగా ఆటో పిలిచి ‘ఎదురింటికి’ అంటే, ఆటోవాడు నా నుదుటి మీద చెయ్యిపెట్టి జ్వరం చూశాడు. ఈరోజు అదే ఎదురింటి మనిషి కోసం రెండు పార్టీల ఆటోలు పరిగెత్తాయి. ప్రజాస్వామ్యం గొప్పది కాదనేవాడు ఎవడు?

స్కూలు వరండాలో ఒక బెంచీ ఉంది. ఇద్దరం దాని మీద కూర్చున్నాం. గున్నమ్మ నా చెయ్యి పట్టుకుని చూసి, “సిక్కిపోనావే వొదినా” అంది.

“నువ్వూను.”

“మరి ఆ గట్టు నించి సూస్తే నువ్వు లావుగా అవుపడతావేటే?”

“ఆ గట్టు మీంచి నీకు నేను కనిపించడమే ఎక్కువ. కళ్ళజోడు మార్పించుకోమంటే వినవు కదా!”

ఓటేసి వస్తున్నవాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాం. అప్పుడే మేమొక గొప్ప సత్యం కనిపెట్టాం. సిరా పడని వేలు ఉన్నంతసేపే ఆటో. ఎక్కించుకుని, చెయ్యిపట్టి దించి, మంచినీళ్ళు ఇచ్చి లోపలికి పంపినవాళ్ళు, వేలి మీద చుక్క పడగానే ఎవరూ కనిపించరు! మాకంటే పెద్దాయన ఒకరు సిరా వేలు ఎత్తి పట్టుకుని, తనని తెచ్చిన ఆటో కోసం గేటు దగ్గర అటూ ఇటూ చూసి, చూసి, ఎండలో పడి నడిచి వెళ్ళిపోయారు.

“ఒలమ్మ! ఆయన తేల్చీసుకున్నాడు కావోలు!” అంది గున్నమ్మ.

మేము కదల్లేదు. ఇటు మనుషులు వచ్చి, “మాతాజీ, సోచ్ లియా?” అన్నారు. ఆలోచిస్తున్నాం అన్నాం. అటు మనుషులు వచ్చి, “అమ్మా, లైను తగ్గింది” అన్నారు. ఆలోచిస్తున్నాం అన్నాం. టీ వచ్చింది. తాగి ఆలోచించాం. సమోసాలు వచ్చాయి. పళ్ళు లేవు కాబట్టి లోపలి కూర తిని ఆలోచించాం. పోలీసాయన వచ్చి ఇక్కడ కూర్చోకూడదన్నాడు. “కాళ్ళు నొప్పి బాబూ, ఎవరికెయ్యాలో తెలీడం లేదు” అన్నాను. అంత నిజాయితీగల ఓటర్లని ఆయన జన్మలో చూడలేదనుకుంటాను. ఫ్యాను మా వైపు తిప్పించాడు.

నా సంచిలో వారపత్రిక ఉంది. తీసి చదివాను. ఎన్నాళ్ళకో! గుసగుసగా అన్న మాటని గుసగుసగానే చదివాను. గున్నమ్మ విలన్ని మెల్లగా, నా చెవిలోనే తిట్టింది. పాఠకులారా, ఆ రోజంత సుఖంగా నేను ఈ మధ్య కాలంలో ఏ రోజూ కూర్చోలేదు. ఎన్నికల సంఘంవారికి ఈ సంగతి తెలిస్తే నన్ను లోపలేస్తారేమో గాని, ఆ బెంచీ మీద ఉన్నంతసేపూ ఎవరు గెలిస్తే దేశం బాగుపడుతుందన్న ఆలోచన మా ఇద్దరికీ ఒక్కసారైనా రాలేదు.

ఎండ వాలింది. గేటు మూసే వేళ దగ్గరపడింది. లక్ష్మీప్రసాద్ స్వయంగా పరిగెత్తుకొచ్చాడు. ముఖం మీద చెమట, మెడలో దండ.

“మాతాజీ, ప్లీజ్! ఇప్పుడైనా!”

నాకు ఆదివారం గుర్తొచ్చింది. సిరా పడ్డాక గున్నమ్మ ఏ ఆటోలో వెళ్తుందో, అసలు వెళ్ళగలదో లేదో కూడా తెలియదు. ఎక్కడ నుంచి వచ్చిందో ఆ ధైర్యం, నోరు విప్పాను.

“ఓటేస్తాం. కాని తిరిగి ఇంటి దగ్గర దింపాలి. ఇద్దర్నీ.”

“ఇద్దర్నీ? పక్కా! నా ఆటో ఇక్కడే ఉంటుంది.”

“అయితే ఆటో తాళంచెవి నా చేతికివ్వు.”

లక్ష్మీప్రసాద్ ఆటోవాడి వైపు చూశాడు. ఆటోవాడు ఆకాశం వైపు చూశాడు. మా ఇద్దరివీ తన ఓట్లే అనుకున్నాడు లక్ష్మీప్రసాద్, పాపం. తాళంచెవి ఇప్పించాడు. దాన్ని కొంగున ముడేసుకుని నేను నా గదిలోకి వెళ్ళాను, గున్నమ్మ చేతికర్ర పట్టుకుని తన వార్డు గదిలోకి వెళ్ళింది. అప్పటికి అతను ఫోనులో ఎవరి మీదో అరుస్తున్నాడు. ఆమె ఏ గదిలోకి వెళ్ళిందో చూడలేదు.

ఎవరికేశారు అని అడక్కండి. ఓటు రహస్యం. తాళంచెవి మాత్రం నిజాయితీగా తిరిగిచ్చేశాను.

ఆటో కదిలింది. మెయిన్ రోడ్డు మలుపు దగ్గర ఆటోవాడు వెనక్కి తిరిగి, “కిధర్ లూఁ, అమ్మాజీ?” అని అడిగాడు. ఇటు తిరిగితే మా గట్టు. అటు తిరిగితే గున్నమ్మ గట్టు. ‘మా ఇంటికే వచ్చెయ్యవే’ అని గున్నమ్మని అడగాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేకపోయాను. వద్దంటుందేమో! రోజంతా తేల్చుకోకుండా కూర్చోవడం అలవాటైపోయింది కదా, ఆ ఒక్కటీ తేల్చుకోలేకపోయాను.

గున్నమ్మ చేతికర్రతో ఆటోవాడి సీటు మీద తట్టింది. “ఇటే పోనీ నాయినా. ఈ వొదిన ఇంటికి. ఆ గట్టున నాకేటున్నాది?”

ఆ ఎన్నికల్లో రెండు వార్డుల్లో కలిపి ఎవరైనా నిజంగా తేల్చుకున్నారంటే అది గున్నమ్మ ఒక్కతే.

ఫలితాలు వచ్చాయి. ఇటు లక్ష్మీప్రసాద్ గెలిచాడు. అటు రాజశ్రీ గెలిచింది. ఆదివారం ఇద్దరి విజయయాత్రలూ బయల్దేరాయి. శశిధర్ కూడా అదే ఆదివారం బండితో దిగాడు. అటు గట్టున వాళ్ళింటికి తాళం వేసి ఉంది. వాళ్ళమ్మ ఇటు గట్టున మా వరండాలో చిక్కుడుకాయలు వలుస్తోంది.

“అమ్మా! అక్కడ క్యా కర్ రహీ హో? రా, వెళ్దాం!”

“ఎలాగ రమ్మంతావురా? సిలాబు నేదు గదా!”

“స్లాబు లేదనే కదా తీసుకెళ్తానన్నది!”

“సిలాబు నేదనే కదా రాలేనన్నది!”

శశిధర్ జుట్టు పీక్కున్నాడు. వీధి చుట్టూ తిరిగి వస్తానని బండెక్కాడు. మెయిన్ రోడ్డు మీద రెండు ఊరేగింపులూ ఎదురెదురుగా వచ్చి, డీజే పెట్టెలు పెట్టి, ఎవరు పక్కకి తప్పుకోవాలో తేల్చుకోలేక నిలబడిపోయాయట. గెలిచాక మా నాయకులు చేసిన మొట్టమొదటి ప్రజాసేవ అదే. శశిధర్ మా గుమ్మం చేరేసరికి పొద్దు వాలింది. నెత్తిన, చొక్కా మీద గులాల్ రంగు. కోపం దారిలోనే అయిపోయింది. మర్నాడు డ్యూటీ. చిక్కుడుకాయ కూరతో అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ అన్నాడు.

“ఆంటీ, ఠీక్ హై. స్లాబు పడేదాకా అమ్మ ఇక్కడే ఉంటుంది. పడిన రోజు ఫోన్ చెయ్యండి. సామాను ఆ ఇంట్లోంచి, అమ్మ ఈ ఇంట్లోంచి. ఒకే ట్రిప్పులో తీసుకెళ్ళిపోతా.”

“తప్పకుండా బాబూ” అన్నాను. నాకూ రాజకీయం అబ్బుతోంది.

కాబట్టి పాఠకులారా, మేము హాయిగా ఉన్నాం. రోజూ సీరియల్ నడుస్తోంది. ఇన్నాళ్ళూ స్లాబు వెయ్యని నాయకుల్ని తిట్టిన నోటితోనే వాళ్ళకి దీర్ఘాయుష్షు కోరుకుంటున్నాను. మాట తప్పడంలో ఎంత మేలుందో మాట నిలబెట్టుకునేవాళ్ళకి ఏం తెలుస్తుంది? మీ ఊళ్ళో కూడా మాట తప్పేవాళ్ళే గెలవాలని మనసారా కోరుకుంటున్నాను.

కాని ఈ భిలాయిలో సుఖంగా ఉండనిస్తారా ఎవరైనా?

మొన్న పొద్దున్న నిగమ్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి నాలా గట్టున దిగాడు. చేతిలో కొలత టేపు. స్లాబు వెయ్యడానికేనట! రాజశ్రీ గెలిచాక మొగుణ్ణి ఓ పక్కన కూర్చోబెట్టి తనే నోరు విప్పిందట. ఆ నోటి నుంచి వచ్చిన మొదటి మాట మా స్లాబేనట! చూశారా, ఇన్నాళ్ళూ మాట్లాడని మనిషితో ఎంత ప్రమాదమో!

ఆయన టేపు లాగి, అటు కొలిచి, ఇటు కొలిచి, కాగితం మీద రాసుకోబోయి ఆగాడు.

“అమ్మా, ఈ నాలా ఏ వార్డులోకి వస్తుంది?”

నేను ఈ వార్డు ఓటరుని. బాధ్యత గల పౌరురాలిని. వేలు ఎత్తి ఎదుటి గట్టు చూపించాను.

“వాళ్ళదండీ. వాళ్ళ వార్డుది.”

లోపల నుంచి చేతికర్ర చప్పుడు చేసుకుంటూ గున్నమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆమె ఆ వార్డు ఓటరు. ఆమె మాటకీ విలువ ఉంది కదా?

“కాదు నాయినా, నాది ఆ వార్డే, నాకు తెల్దేటి? ఇది ఈళ్ళ వార్డుది” అంది.

ఆయన నా వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.